ఆఫీసుకు రోడ్డు సైకిల్: డెల్టా దారులకు తగినది ఎంచుకోవడం

గోదావరి డెల్టాలో కొండలు లేవు. ధవళేశ్వరం దిగువ నుంచి సముద్రం దాకా నేల పళ్ళెంలా ఉంటుంది. ఎక్కాల్సిన ఎత్తంటూ ఉంటే అది వంతెనల మీదా, ఏటిగట్ల దగ్గరా, లాకుల పక్కన ఉండే చిన్న మిట్టల దగ్గరా. అందుకే షాపులో మొట్టమొదట వినిపించే రెండు ప్రశ్నలు, బరువెంత, గేర్లెన్ని అనేవి, ఇక్కడ ఆఫీసుకు తొక్కేవాళ్ళకి పెద్దగా అక్కరకు రావు. మన కాళ్ళ సత్తువ తినేది మధ్యాహ్నం నుంచి సముద్రం మీంచి కొట్టే గాలి. సైకిల్‌ని తినేవి దమ్ముల కాలంలో రోడ్డెక్కే బురద, తీరం దగ్గరి ఉప్పుగాలి. కొనే సైకిల్ వీటికి తట్టుకుంటుందా అన్నదే అసలు పరీక్ష.

ఇక్కడ బైకంటే మోటారు సైకిలే కాబట్టి దీన్ని రోడ్డు సైకిల్ అనే పిలుద్దాం. షాపుల్లో రేసు సైకిల్ అంటే అర్థమవుతుంది: కిందికి వంగిన హ్యాండిల్, సన్న టైర్లు, ముందు ఫోర్కులో స్ప్రింగులు లేనిది.

ముందు దారి చూడండి

సైకిల్ చూడ్డానికి వెళ్ళే ముందు, రోజూ వెళ్ళబోయే దారిని ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి మోటారు సైకిల్ మీద నెమ్మదిగా చూసి రండి. ఎంత దూరం తారు, ఎంత దూరం సిమెంటు, ఎంత దూరం కంకర, ఎంత దూరం మట్టిగట్టు అన్నది కాగితం మీద రాసుకోండి. ఊళ్ళోని సిమెంటు రోడ్ల పలకల మధ్య సందులు, కాలవ వైపు అంచు కుంగిన చోట్లు, దమ్ము చక్రాల ట్రాక్టర్లు గీరేసిన తారు, ఇవన్నీ కారులో తెలియవు, సన్న టైరుకి బాగా తెలుస్తాయి. మన నల్ల రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలిస్తుంది. దాని మీద వేసిన రోడ్డు ఏటా కొంచెం అలలు తేలుతుంది. కొత్తగా వేసిన తారు కూడా రెండు వానాకాలాలు దాటితే మొదటిరోజు ఉన్నట్టు ఉండదు.

దారి మొత్తం తారో సిమెంటో అయితే 28 మిల్లీమీటర్ల టైరు సరిపోతుంది, 32 అయితే సుఖం. మధ్యలో కిలోమీటరుకు మించి కంకరో, గట్టి మట్టిగట్టో ఉంటే 35 కంటే తక్కువ వద్దు. అసలు సగం దారి పుంతల్లోనే అయితే రోడ్డు సైకిల్ ఆలోచన మానేసి తిన్నని హ్యాండిల్, 38 నుంచి 42 టైర్లు ఉన్న హైబ్రిడ్ కొనుక్కోవడం మంచిది. వానల్లో తడిసిన రేగడికి మాత్రం ఏ టైరూ పరిష్కారం కాదు. ఆ మట్టి టైరుకీ ఫోర్కుకీ మధ్య, టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య ముద్దగా పట్టేసి చక్రాన్ని ఆపేస్తుంది. అప్పుడు సైకిల్‌ని భుజాన వేసుకోవాల్సిందే. అందుకని వానాకాలానికి వేరే తారు దారి ఒకటి, రెండు మూడు కిలోమీటర్లు ఎక్కువైనా సరే, ముందే ఖాయం చేసుకోండి.

దూరం విషయానికొస్తే, పాలకొల్లు నుంచి నరసాపురం లాంటి పది కిలోమీటర్ల దారి కొత్తవాళ్ళకి కూడా నలభై నిమిషాల లోపు పని. ఒక్కో వైపు 15 దాటితే మాత్రం సైకిల్ కొలత, కూర్చునే తీరు సరిగ్గా కుదరాలి. లేకపోతే మూడో రోజుకి మెడ పట్టేసి సైకిల్ వరండాలోకి చేరుతుంది.

టైరు పట్టే చోటు

ఒకే ఒక్క విషయం చూసి సైకిల్ ఎంచుకోవాల్సి వస్తే ఇదే చూడండి: ఫోర్కు లోపలా, వెనక ఫ్రేము లోపలా ఎంత లావు టైరు పడుతుంది? మడ్‌గార్డు పెట్టాక ఎంత పడుతుంది? 25 టైరుతో వచ్చి, అంతకు మించి చోటు లేని పోటీ సైకిళ్ళు తక్కువ ధరకి కనిపిస్తాయి. చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, మన రోడ్లకి పనికిరావు. టైరు పైభాగానికీ ఫోర్కు లోపలి భాగానికీ మధ్య మీ చిటికెన వేలు సులువుగా దూరాలి. మడ్‌గార్డు పెట్టాక కూడా టైరుకీ దానికీ మధ్య ఆరు మిల్లీమీటర్లయినా మిగలాలి. అంతకంటే తగ్గితే వరిగడ్డి పరక ఒకటి ఇరుక్కున్నా కరకరమంటూనే ఉంటుంది.

సన్న టైరు వేగంగా పోతుందనే నమ్మకం నునుపైన పోటీ మైదానానికి సంబంధించింది. గతుకుల రోడ్డు మీద గట్టిగా గాలి కొట్టిన సన్న టైరు ప్రతి గతుక్కీ ఎగిరి, ఆ కుదుపు మీ చేతుల్లోకీ నడుముకీ పంపుతుంది. కొంచెం లావు టైరు, కొంచెం తక్కువ గాలితో, గతుకుని తనలోకే తీసుకుని ముందుకు పోతుంది.

గాలి ఎంత కొట్టాలి? సంచితో కలిపి 75 కిలోలున్న మనిషికి ఈ అంకెలతో మొదలుపెట్టండి. 28 టైరుకి ముందు 70, వెనక 80 పీఎస్‌ఐ (పంపు మీటరు మీద కనిపించే గాలి ఒత్తిడి అంకె). 32 టైరుకి ముందు 55, వెనక 65. 35 టైరుకి ముందు 45, వెనక 55. బరువు పది కిలోలు పెరిగితే ఐదారు పీఎస్‌ఐ పెంచండి. టైరు పక్కన ముద్రించిన గరిష్ఠ అంకె దాటొద్దు, ఆ గరిష్ఠమే కొట్టాలని కూడా ఏమీ లేదు. గాలి మరీ తక్కువైతే గుంట అంచు తగిలినప్పుడు ట్యూబు రిమ్ముకీ రోడ్డుకీ మధ్య నలిగి, పక్కపక్కనే రెండు చీలికలు పడతాయి. పంచరు తీసి చూసినప్పుడు రెండు చీలికలు కనిపిస్తే ముల్లు కోసం వెతక్కండి, గాలి పెంచండి. చీలిక ఒకటే ఉంటే ముల్లే. కంచెలకి వేసే సర్కారు తుమ్మ ముల్లు టైరులో విరిగి ఉండిపోతుంది. కొత్త ట్యూబు వేసేముందు టైరు లోపలంతా గుడ్డతో తుడిచి చూడకపోతే అరగంటలో మళ్ళీ పంచరే. లోపల ముల్లు ఆపే పొర ఉన్న టైరు కాస్త బరువు, ధరా ఎక్కువే, అయినా ఇక్కడ దానికే ఓటు.

చక్రం కొలతలో ఒక పెద్ద గందరగోళం ఉంది. రోడ్డు సైకిల్ చక్రాన్ని 700సీ అంటారు. కొందరు షాపువాళ్ళు దాన్ని 28 అంగుళాల చక్రమనీ చెబుతారు. మన పాతకాలం పెద్ద సైకిళ్ళదీ 28 అంగుళాలే. కానీ రెండూ ఒకటి కాదు. 700సీ రిమ్ము మీద టైరు కూర్చునే చోటి వ్యాసం 622 మిల్లీమీటర్లు, పాత సైకిల్ 28 × 1½ టైరుది 635. పదమూడు మిల్లీమీటర్ల తేడా. ఆ టైరు ఈ రిమ్ము మీద నిలవదు, గాలి కొడితే ఊడి వస్తుంది. టైరు కొనేటప్పుడు పక్కన చిన్న అక్షరాలతో 32-622 అన్నట్టు రాసి ఉంటుంది, దాన్నే నమ్మండి. 29 అంగుళాల మౌంటెన్ సైకిల్ రిమ్ము కూడా 622 యే, అయితే దాని ట్యూబు లావు, సన్న టైరులో మడతలు పడి చిట్లుతుంది.

ఇక వాల్వు. మన వీధి చివరి సైకిల్ షాపు పంపు పాతకాలం వాల్వుకి, పెట్రోలు బంకు పంపు మోటారు సైకిల్ వాల్వుకి సరిపోతాయి. రోడ్డు సైకిళ్ళలో చాలావాటికి వచ్చేది ప్రెస్టా అనే సన్న వాల్వు, కొనమీద చిన్న ఇత్తడి నట్టు ఉంటుంది. ఆ నట్టు వదులు చేసి, ఒకసారి నొక్కి వదిలి, అప్పుడు గాలి కొట్టాలి. బంకులో కొట్టించాలంటే చిన్న ఇత్తడి అడాప్టరు కావాలి. సైకిల్‌తో పాటే రెండు అడాప్టర్లు కొని ఒకటి వాల్వుకే బిగించి ఉంచండి. ఒకవేళ మీరు చూస్తున్న సైకిల్‌కి మోటారు సైకిల్ తరహా వాల్వే ఉంటే, అది చవకరకం గుర్తని అనుకోవద్దు, ఇక్కడ అదే సుఖం. ఏ వాల్వయినా ఇంట్లో మీటరున్న పంపు ఉండాలి. సన్న ట్యూబులో గాలి వారానికే తగ్గిపోతుంది.

గాలికి తగ్గ హ్యాండిల్, గాలికి తగ్గ గేర్లు

ఇరవై కిలోమీటర్ల వేగంతో తొక్కుతున్నప్పుడు ఎదురుగా పదిహేను కిలోమీటర్ల గాలి వీస్తే మీ ఒంటికి తగిలే గాలి ముప్పైఐదు. గాలి నిరోధం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి అది గాలి లేనప్పటి కంటే మూడింతలు. పొద్దున్న ఊరి నుంచి లోపలి పట్నానికి హాయిగా వెళ్ళి, సాయంత్రం సముద్రం వైపు ఇంటికి తిరిగొచ్చేవాళ్ళకి, అంటే భీమవరం, పాలకొల్లు వైపు పనిచేసి నరసాపురం వైపు వచ్చేవాళ్ళకి, అలసిపోయిన వేళే ఈ గాలి ఎదురవుతుంది. వంతెన మీద మరీను. చించినాడ వంతెన మీదో, యానాం, ఎదుర్లంక మధ్య వంతెన మీదో పక్కగాలి కూడా కలుస్తుంది.

వంపు హ్యాండిల్ ఉపయోగం ఇక్కడే. కింది భాగం పట్టుకుని మోచేతులు వంచితే ఛాతీ దిగుతుంది, గాలికి అడ్డం పడే ఒళ్ళు తగ్గుతుంది. తిన్నని హ్యాండిల్ మీద ఆ వీలు లేదు. అయితే కింద పట్టుకుని ఉండగానే గేరు మార్చగలగాలి, బ్రేకు వేయగలగాలి. ఇది షాపులోనే చూసుకోవాలి. అన్నిటికంటే చవక సైకిళ్ళలో గేరు మీటలు హ్యాండిల్ మధ్యలో ఉంటాయి, గేరు మార్చాలంటే చెయ్యి తీయాలి. గతుకుల రోడ్డు మీద అది ప్రమాదం. గేర్లు తయారుచేసే షిమానో కంపెనీ రకాల్లో చవకైన టూర్నీ ఏడు గేర్ల మీటల్లో ఒకటి బొటనవేలితో నొక్కేది, పైన పట్టుకున్నప్పుడే అందుతుంది. దాని పై రకం క్లారిస్ నుంచి పైవాటికి రెండు మీటలూ బ్రేకు వెనకే ఉండి, కింద పట్టుకున్నా అందుతాయి. ఎదురుగాలిలో రోజూ తొక్కేవాళ్ళు క్లారిస్‌కి అదనంగా పెట్టే డబ్బు ఈ ఒక్క కారణానికే సార్థకం.

షిమానో వరస తెలుసుకుంటే బేరం సులువు: టూర్నీ వెనక 7, క్లారిస్ 8, సోరా 9, టియాగ్రా 10. పైకి పోయేకొద్దీ గేర్ల మధ్య దూరం తగ్గుతుంది, చైను సన్నబడుతుంది, ధర పెరుగుతుంది. డెల్టాలో ఆఫీసు పనికి ఎనిమిది చాలు. ఎనిమిది గేర్ల చైను, వెనక పళ్ళ చక్రాలు ధర తక్కువ, బురదని కూడా బాగానే ఓర్చుకుంటాయి. ఏడు గేర్ల చవక సైకిళ్ళలో వెనక ఉండేది మరబిగించే ఫ్రీవీలు. దానిలో ఇరుసు కుడివైపు ఆసరా లేకుండా ఎక్కువ దూరం బయటికి ఉంటుంది, క్యారియర్ మీద బరువు వేసి గుంటల్లో తొక్కితే ఇరుసు వంగుతుంది. ఎనిమిది నుంచి క్యాసెట్టు తరహా వస్తుంది, బేరింగు చివరిదాకా ఉంటుంది కాబట్టి ఆ బెడద తక్కువ.

ముందు, పెడళ్ళ దగ్గర, పళ్ళ చక్రాలు రెండు కావాలా, ఒకటి చాలా? లెక్క చూడండి. ముందు 44 పళ్ళు, వెనక 18, నిమిషానికి 80 తొక్కులు: గంటకి 25 కిలోమీటర్లు. అదే ముందు 44, వెనక 28 వేసి 60 తొక్కులు తొక్కితే పన్నెండు. ఎదురుగాలికైనా వంతెనకైనా ఈ మధ్యలోనే మీరుంటారు. కాబట్టి ముందు ఒక్క పళ్ళ చక్రమే ఉన్న సైకిల్ దొరికితే వెనకాడొద్దు, సర్దాల్సిన తీగ ఒకటి తగ్గుతుంది, చైను పడిపోయే బెడదా తగ్గుతుంది. ముందు 50, 34 రెండూ ఉంటే మాత్రం సాయంత్రం గాలికి సిగ్గుపడకుండా 34కి దిగండి. బరువైన గేరులో కాళ్ళతో తోసుకుంటూ పోతే మోకాలి చిప్ప ముందు నొప్పి మొదలవుతుంది.

కొలత

ఎత్తు చెప్తే షాపువాళ్ళు ఒక సైజు చెప్తారు. కానీ కాళ్ళ పొడవు, మొండెం పొడవు మనిషి మనిషికీ తేడా. ఇంట్లోనే కొలుచుకుని వెళ్ళండి. చెప్పులు లేకుండా గోడకి ఆనుకుని, పాదాల మధ్య జానెడు దూరం ఉంచి నిలబడండి. గట్టి అట్ట పుస్తకం ఒకటి తొడల మధ్య, సీటు ఎంత గట్టిగా ఆనుతుందో అంత గట్టిగా పైకి ఆనించి, వెన్ను గోడకి తగిలేలా పెట్టండి. పుస్తకం పై అంచు నుంచి నేలకి ఉన్న దూరం మీ కాలి కొలత. మూడుసార్లు కొలిచి మధ్య అంకె తీసుకోండి.

ఆ అంకెని 0.883తో గుణిస్తే పెడళ్ళ ఇరుసు మధ్య నుంచి సీటు పైదాకా ఉండాల్సిన ఎత్తు. 0.66తో గుణిస్తే సుమారుగా ఫ్రేము సైజు. కాలి కొలత 78 సెంటీమీటర్లయితే సీటు 69 దగ్గర, ఫ్రేము 51, 52 దగ్గర. ఇది మొదలు మాత్రమే. సీటు మీద కూర్చుని మడమని పెడలు మీద, కింది స్థానంలో పెడితే కాలు తిన్నగా సాగాలి, నడుము ఒక పక్కకి ఒరగకూడదు. పాదం ముందుభాగం పెడలు మీదికి తెస్తే మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది, అదే సరైన ఎత్తు. మన అలవాటు వేరు: ఆగినప్పుడు రెండు పాదాలూ నేలకి ఆనాలని సీటు దించేస్తాం. రోజూ పాతిక కిలోమీటర్లు అలా తొక్కితే మోకాళ్ళు ఊరుకోవు. ఆగేటప్పుడు సీటు ముందుకి జారి దిగి, ఒక కాలు నేలకి ఆనించడం రెండు రోజుల్లో అలవాటవుతుంది.

రెండు సైజుల మధ్య పడ్డవాళ్ళు చిన్నది తీసుకోవాలా పెద్దదా? ఆఫీసుకైతే హ్యాండిల్ ఎత్తుగా, దగ్గరగా ఉండేది. చేతులు హ్యాండిల్ మీద పెట్టి తొక్కుతున్నప్పుడు మోచేతులు బిగుసుకుని తిన్నగా ఉంటే దూరం ఎక్కువైనట్టు. చేతులు పూర్తిగా చాచాల్సిన సైకిలైతే వదిలేయండి. పదీ ఇరవై మిల్లీమీటర్ల తేడా అయితే పొట్టి స్టెమ్ము (హ్యాండిల్‌ని ఫోర్కుకి కలిపే ముక్క) వేసి సర్దవచ్చు. ఫ్రేము పైగొట్టం మీద కాళ్ళు అటూ ఇటూ వేసి నిలబడితే రెండు మూడు సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి.

ఎత్తు తక్కువ ఉన్నవాళ్ళు ఒక పరీక్ష తప్పక చేయాలి. పెడలు ముందుకి తెచ్చి హ్యాండిల్ పూర్తిగా తిప్పండి. బూటు కొన ముందు చక్రానికో మడ్‌గార్డుకో తగులుతోందా? చిన్న ఫ్రేముల్లో ఇది జరుగుతుంది. వేగంలో ఏమీ కాదు గానీ, కాలవ గట్టు మీద ఇరుకులో మెల్లిగా తిరిగేటప్పుడు కాలు చిక్కుకుంటే పడేది కాలవలోకే. చీర కట్టుకుని తొక్కేవాళ్ళకి పైగొట్టం అడ్డం. వాళ్ళు గొట్టం బాగా కిందికి వాలిన హైబ్రిడ్‌ చూడాలి. పంజాబీ డ్రెస్సయితే రోడ్డు సైకిలే బాగుంటుంది, చున్నీ ముడి మాత్రం వెనక కాకుండా పక్కన వేయాలి. ప్యాంటుకైతే కుడికాలికి ఎలాస్టిక్ పట్టీ. వీటికి చైను కవరు ఉండదు.

చిల్లులు, పుల్లలు, బ్రేకులు

ఇరుసుల దగ్గర, ఫోర్కు చివర, సీటు కింద మడ్‌గార్డుకీ క్యారియర్‌కీ మరలున్న చిల్లులు ఉన్నాయేమో చూడండి. లేకపోతే సైకిల్ ఎంత నచ్చినా వద్దు. జూన్ నుంచి నవంబరు దాకా తడి రోడ్డు మీద మడ్‌గార్డు లేకుండా వెళ్తే వీపు మీద బురద గీతతో ఆఫీసులో అడుగుపెట్టాలి, ఆ ఇసుక నీరే చైనుకీ పడుతుంది. సీటు రాడ్డుకి తగిలించే పొట్టి ప్లాస్టిక్ మడ్‌గార్డులు వీపుని కాపాడతాయి, చైనుని కాపాడవు. చక్రం చుట్టూ వంగి వచ్చేవే కావాలి.

క్యారియర్‌ ఉంటే సంచి వీపు నుంచి దిగుతుంది. మన ఉక్కపోతలో వీపు మీద సంచి ఉంటే చొక్కా పది నిమిషాల్లో తడుస్తుంది. అన్నం క్యారేజీని పక్కసంచిలో నిటారుగా, అటూ ఇటూ తువ్వాలు కుక్కి పెట్టండి. గతుకుల్లో పులుసు పొర్లేది క్యారేజీ ఊగడం వల్లే.

పక్క స్టాండు కావాలని ఇంట్లో అందరూ అడుగుతారు. రోడ్డు సైకిళ్ళకి అది రాదు. పెడళ్ళ వెనకున్న సన్న అల్యూమినియం గొట్టాలకి స్టాండు పట్టీ బిగిస్తే గొట్టం నొక్కుకుపోతుంది. ఫ్రేములోనే దానికి చోటు ఇచ్చి ఉంటే తప్ప బిగించొద్దు.

చక్రం పుల్లలు (స్పోకులు) లెక్కపెట్టండి. ఇరవై, ఇరవై నాలుగు పుల్లలతో వచ్చే చక్రాలు అందంగా ఉంటాయి. ఒక్కటి తెగితే చక్రం ఫ్రేముకి రాసుకునేంత వంకర తిరుగుతుంది. 28 నుంచి 32 ఉంటే మేలు, క్యారియర్ వేసేవాళ్ళకి వెనక చక్రానికి 32. ఏ ఊళ్ళో మెకానిక్కయినా వాటి వంకర తీయగలడు.

రిమ్ము బ్రేకా, డిస్కు బ్రేకా? పల్లపు నేలలో ఆపే బలానికి రిమ్ము బ్రేకు చాలు. తేలిక, తెలిసిన మెకానిక్, సులువుగా దొరికే రబ్బర్లు దాని లాభాలు. బురద రోడ్డే ఇక్కడ లెక్క మారుస్తుంది. దమ్ముల కాలంలో ఒండ్రు రబ్బరుకీ రిమ్ముకీ మధ్య చేరి గరుకు కాగితంలా రిమ్ముని అరగదీస్తుంది. అరిగిన రిమ్ము అంటే చక్రమే మార్చాలి. అందుకని పొలాల మధ్య రోడ్లలో తిరిగేవాళ్ళు తీగతో పనిచేసే డిస్కు తీసుకోవడం మంచిది, కాకినాడ, రాజమండ్రి పట్నం లోపలే తిరిగేవాళ్ళకి రిమ్ము చాలు. నూనెతో పనిచేసే హైడ్రాలిక్ డిస్కు బాగా ఆపుతుంది, దాని నూనె గొట్టంలో చేరిన గాలి తీయగల మెకానిక్ దగ్గర్లో లేకపోతే దాని జోలికి పోవద్దు. తీగ డిస్కుల్లో చాలావాటికి ఒక వైపు బ్రేకు మెత్తే కదులుతుంది, లోపలిది అరిగేకొద్దీ అలెన్ తాళంతో దగ్గరికి తేవాలి. ఇది తెలియక మీట హ్యాండిల్‌కి తగిలేదాకా తొక్కి బ్రేకు పాడైందంటారు.

ఉప్పుగాలి

అంతర్వేది, ఓడలరేవు, ఉప్పాడ వైపు ఉండేవాళ్ళూ, రొయ్యల చెరువుల గట్ల మీదుగా వెళ్ళేవాళ్ళూ అల్యూమినియం ఫ్రేమే తీసుకోవాలి. స్టీలు ఫ్రేము తొక్కడానికి మెత్తగా ఉంటుంది, కానీ లోపలి నుంచి తుప్పు పడుతుంది, కనిపించేసరికి ఆలస్యమవుతుంది. తీగలు స్టెయిన్‌లెస్‌వి వేయించండి. సీటు రాడ్డు, స్టెమ్ము మరలు, పెడళ్ళ మరలు అన్నిటికీ గ్రీజు పెట్టించండి. రెండు వేర్వేరు లోహాలు ఉప్పు తేమలో కలిసి ఉంటే అతుక్కుపోతాయి. మూడు నెలలకోసారి సీటు రాడ్డు బయటికి లాగి, తుడిచి, గ్రీజు రాసి మళ్ళీ పెడితే చాలు. ఏళ్ళ తరబడి కదపనిది సుత్తికి కూడా రాదు. పెడళ్ళ ఇరుసు గొట్టం అడుగున చిన్న చిల్లు ఉంటుంది, లోపలికి చేరిన నీరు పోయే దారి. అది మట్టితో పూడిపోకుండా చూడండి.

చైనుకి ఇంట్లో ఉందని కొబ్బరినూనె వేయొద్దు. పుష్యమాసపు చలి పొద్దుల్లో అది పేరుకుంటుంది, మిగతా రోజుల్లో దుమ్ముని పట్టుకుంటుంది. బండికి పోసి తీసిన ఇంజిన్ ఆయిలూ వద్దు, దానిలో అరిగిన లోహపు పొడి ఉంటుంది. సైకిల్ చైను ఆయిలు ఒక్కో లింకుకి ఒక్క చుక్క, పది నిమిషాలాగి పైన ఉన్నదంతా పొడి గుడ్డతో తుడిచేయాలి. డిస్కు మీద మాత్రం ఏ నూనే పడకూడదు. పడితే మెత్తలు మార్చడమే. మోటారు సైకిళ్ళ వాటర్ సర్వీసింగులో పెట్టించొద్దు, ఆ ధార బేరింగుల్లోకి నీటిని నెట్టేస్తుంది. బకెట్టు నీళ్ళు, గుడ్డ చాలు.

కొనే రోజు

మోడళ్ళ పేర్లు ఏటేటా మారతాయి కాబట్టి పేరు పట్టుకుని కాకుండా పైన చెప్పిన భాగాలు పట్టుకుని అడగండి. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ళ మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, పాత స్టాకుకి కూడా ఆ తగ్గింపు బిల్లులో కనిపించాలి. మీరు అనుకున్న మొత్తంలో ఐదో వంతు పక్కన పెట్టి సైకిల్ ధర చూడండి. హెల్మెట్, మడ్‌గార్డులు, ముందు వెనక దీపాలు, గట్టి తాళం, పంపు ఆ ఐదో వంతులోంచి రావాలి. ఏటిగట్టు మీద వీధి దీపాలుండవు. చుట్టూ వెలుగున్న చోట పనికొచ్చే చిన్న దీపం అక్కడ గుంటని చూపదు, కనీసం 300 ల్యూమెన్లది కావాలి. సాయంత్రం పొలాల పక్క పురుగులు కళ్ళలో పడతాయి, రంగులేని అద్దాల కళ్ళజోడు పెట్టుకోండి.

ఆన్‌లైన్‌లో తెప్పిస్తే పెట్టెలో ముప్పాతిక వంతు బిగించి వస్తుంది, మిగతాది మన వీధి మెకానిక్ చేతిలో పడుతుంది. దగ్గరుండి చూడాల్సినవి ఇవి. ఫోర్కు ముందుకి వంగి ఉండాలి, డిస్కు బ్రేకైతే అది ఎడమ వైపు రావాలి. తిప్పి బిగించిన ఫోర్కుతో నడిచే సైకిళ్ళు రోడ్ల మీద కనిపిస్తూనే ఉంటాయి. ఎడమ పెడలు మర ఎదురు తిరుగుతుంది. ఎల్ అని రాసిన పెడలుని ఎడమ వైపే, చేత్తో నాలుగైదు చుట్లు తిప్పి సాఫీగా ఎక్కాకే స్పానరు పట్టాలి. బలవంతం చేస్తే అల్యూమినియం మర చెడిపోయి పెడలు తగిలించే కాడ మొత్తం మార్చాలి. స్టెమ్ముకి హ్యాండిల్ పట్టే నాలుగు మరలూ ఒకటొకటిగా, ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాలి. ముందు బ్రేకు పట్టి సైకిల్‌ని ముందుకీ వెనక్కీ ఊపితే హ్యాండిల్ దగ్గర టకటక రాకూడదు. చక్రం తిప్పి వదిలితే బ్రేకు మెత్తల మధ్య అటూ ఇటూ ఊగకూడదు. అన్ని గేర్లూ ఒకటొకటిగా ఎక్కించి దించి చూడండి. ముందు బ్రేకు ఏ చేతిదో నిదానంగా తొక్కి తెలుసుకోండి, మీ అలవాటుకి ఎదురైతే అప్పుడే మార్పించండి.

పాతది కొంటుంటే చైను కొలవండి. కొత్త చైనులో పన్నెండు అంగుళాలు, అంటే 304.8 మిల్లీమీటర్లకి సరిగ్గా 24 చిన్న లింకులు. అవే 307 దాటితే చైను అయిపోయింది, దానితో పాటు వెనక పళ్ళూ అరిగి ఉంటాయి. ఆ ఖర్చు ధరలో తగ్గించమని అడగండి. హ్యాండిల్ కింద ఫ్రేము గొట్టాలు కలిసే చోట రంగు మీద సన్న గీత ఉందేమో టార్చి వేసి చూడండి. అది గీత కాక పగులైతే ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు.

మన ఊళ్ళలో దొరకనివి ముందే తెచ్చి ఇంట్లో పెట్టుకోవాలి: మీ టైరు కొలత ట్యూబులు మూడు, వెనక గేరు పట్టే హ్యాంగరు ఒకటి (ఇది మోడల్‌ని బట్టి మారుతుంది, తరవాత దొరకడం కష్టం), బ్రేకు మెత్తలు ఒక జత, చైను కలిపే లింకు ఒకటి. సైకిల్ మీద ఎప్పుడూ ఒక ట్యూబు, టైరు విప్పే పలకలు రెండు, చిన్న పంపు, 4, 5, 6 అలెన్ తాళాలు. పెడళ్ళ ఇరుసు గొట్టం కింద చెక్కి ఉన్న ఫ్రేము నంబరు ఫొటో తీసి బిల్లుతో పాటు దాచండి. తాళం ఫ్రేముకీ వెనక చక్రానికీ కలిపి వేయండి. మీట తిప్పితే ఊడే చక్రాలైతే ఆ మీటల బదులు అలెన్ తాళంతో తిప్పేవి వేయించండి.

మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లలో కొత్త తీగలు సాగుతాయి, పుల్లలు సర్దుకుంటాయి. గేరు ఎక్కడానికి బద్ధకించడం, చక్రం నుంచి టింగుమనే చప్పుడు రావడం దాని గుర్తులు. అప్పుడు షాపుకి తీసుకెళ్ళి పుల్లలు సమానంగా బిగించి, తీగలు సరిచేయమని చెప్పండి. చాలా షాపులు ఈ మొదటి సర్వీసు ఉచితంగానే చేస్తాయి, బిల్లు మీద రాయించుకోండి. గడువు దాటాక వెళ్తే పుల్లలు అప్పటికే ఒకటి రెండు తెగి ఉంటాయి.